అద్దె కిరీటం

2006లో వచ్చిన ‘ది డెవిల్ వేర్స్ ప్రాడా’ సినిమా చూసినవాళ్లకు రెండు బెల్టుల సన్నివేశం గుర్తుండే ఉంటుంది. ఫ్యాషన్ పత్రిక సంపాదకురాలు మిరాండా ముందు రెండు బెల్టులు పెట్టి ఏది బాగుంటుందా అని అందరూ తలలు పట్టుకుంటారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లకు ఆ రెండూ ఒకేలా కనిపించి నవ్వొస్తుంది. మిరాండా కోప్పడదు, గొంతు కూడా పెంచదు. ఆ పిల్ల ఒంటిమీదున్న నీలం స్వెట్టరు పుట్టుపూర్వోత్తరాలు విప్పుతుంది. ఆ రంగు పేరుమోసిన డిజైనర్ల దగ్గర పుట్టింది, పెద్ద దుకాణాల్లోకి దిగింది, అక్కణ్ణుంచి జారి జారి చవక అంగడి గంపలో పడింది. ఫ్యాషన్‌తో నాకేం పని అనుకుంటూ నువ్వు వేసుకున్న బట్టను కూడా ఈ గదిలో కూర్చున్నవాళ్లే నిర్ణయించారు అని ఆమె వాదం. సినిమా మొత్తానికి వెన్నెముక ఆ సన్నివేశమే. అయితే సోకు ఎప్పుడూ పైనుంచి కిందికే పారుతుందన్న ఆ లెక్క కర్ణాటకలోని కోలారు జిల్లా ముళబాగిలు పల్లెల్లో కురుక్షేత్రం ఆడే తెలుగు రంగస్థలం దగ్గర తప్పుతుంది. అక్కడ కిరీటం ఒక చక్రంలా తిరిగింది: నాటకం నుంచి సినిమాకు, సినిమా నుంచి మళ్లీ నాటకానికి.

ముందు ఆ ఇంగ్లిషు సినిమా సంగతే ముగిద్దాం. దాన్ని పాటల నాటకంగా మలిచి 2022లో షికాగోలో ఆడారు. బాణీలు ఎల్టన్ జాన్‌వి. విమర్శకుల మెప్పు అంతంతమాత్రంగానే దక్కింది. నాటకాన్ని తిరగరాసి, దర్శకురాలిని మార్చి, 2024 చివర్లో వెనెస్సా విలియమ్స్ మిరాండాగా లండన్ డొమినియన్ థియేటర్‌కు తెచ్చారు. చిక్కు ఎక్కడ వచ్చిందో ఊహించడం కష్టమేమీ కాదు. సినిమాలో మెరిల్ స్ట్రీప్ మిరాండాను దాదాపు గుసగుసగా పలికించింది. కెమెరా ఆమె కనురెప్ప పక్కనే ఉంది కాబట్టి పెదవి విరుపు ఒక్కటే చాలింది. వెనక వరుసలో కూర్చున్న ప్రేక్షకుడికి పెదవి విరుపు కనబడదు. దగ్గరికి వెళ్లి చూపించే కెమెరా లేనప్పుడు ఆ పని చేయగలిగినవి రంగస్థలానికి రెండే ఉన్నాయి. ఒకటి వేషం, రెండోది పాట. ఆ రెండింటినీ అలంకారమనుకున్న నాటకం కూలుతుంది, అవయవాలనుకున్నది నిలుస్తుంది. ఇది తెలుగు పద్యనాటకం వందేళ్లకు పైగా చేస్తూ వస్తున్న పనే.

ముళబాగిలు అంటే తూర్పు వాకిలి. కన్నడ ‘మూడల బాగిలు’ నుంచి వచ్చిన మాట అది, పాత మైసూరు సీమకు ఆ దిక్కున గడప. గడప దాటితే పలమనేరు, పుంగనూరు. ఇవతలా అవతలా ఇళ్లలో మాట తెలుగే. ఈ పల్లెల్లో పౌరాణిక నాటకం ఆడేది వృత్తి నటులు కాదు, సేద్యగాళ్లు, అంగళ్లవాళ్లు, చిన్నా చితకా ఉద్యోగులు. ఒక హార్మోనియం మేష్టరును కుదుర్చుకుంటారు. రాత్రిళ్లు నెలల తరబడి పద్యాలు వల్లె వేస్తారు. ఆడవేషాలకు బయటినుంచి వృత్తి నటీమణులను పిలిపించుకుంటారు. సీనరీలు, డ్రెస్సులు అద్దెకు వస్తాయి. పాత్రకు తగ్గట్టు ఎవరి డబ్బు వారే వేసుకోవడం ఈ ప్రాంతపు రివాజు. దుర్యోధనుడు కావాలన్నా కృష్ణుడు కావాలన్నా జేబు కాస్త గట్టిగా ఉండాలి.

అద్దె ట్రంకుపెట్టె మూత తీస్తే కంటికి తగిలేది తగరం, బేగడ, అద్దపు ముక్కలు, పూసలు, జరీ కుట్టిన మఖమలు. పగటిపూట చూస్తే బొమ్మల కొలువు సామానులా ఉంటుంది. కానీ ఆ సామాను పగటి కోసం చేసింది కాదు. కోలారు బంగారు గనులకు శివనసముద్రం నుంచి 1902లోనే కరెంటు వచ్చినా చుట్టుపక్కల పల్లెలు ఆ తర్వాత చాలాకాలం పెట్రోమాక్సు వెలుగులోనే నాటకం చూశాయి. (బంగారం తవ్విన చోట వెలుగు, తళుకు అద్దెకు తెచ్చుకున్న చోట చీకటి!) ఆ మసక వెలుగును పట్టి వెనక్కి విసరడానికే కిరీటం మీద అన్ని అద్దాలు. ముఖానికి అర్దళం, జింకు పూసి, కళ్లకూ మీసానికీ నల్లగా దిద్దేది కూడా దూరపు కంటికి ముఖం అందడం కోసమే. ఎక్కడో చెట్టుకింద కూర్చున్న అవ్వకు కృష్ణుడెవరో కర్ణుడెవరో ముఖం చూసి తెలియదు. కిరీటం ఆకారం, నెమలి పింఛం, చేతిలో గద, భుజకీర్తుల వెడల్పు చూసి ఇట్టే తెలుస్తుంది. ఇక ఆ బరువు నటుడి ఒంటిని ఎలా మారుస్తుందో చూడాలి. కిరీటం పెట్టుకున్నవాడు చటుక్కున తల తిప్పలేడు, మెడతోపాటు భుజం కూడా తిప్పాలి. తల వంచితే కిరీటం జారుతుంది, కాబట్టి వంచడు. సుయోధనుడి పొగరులో కొంత వాటా ఆ అట్టముక్కది. నిన్నటిదాకా టమాటా తోటలో నడుం వంచినవాడు ఆ రాత్రి వంగకుండా నిలబడటానికి డ్రెస్సే మొదటి గురువు.

రెండో గురువు పద్యం. మాట నడుస్తూ నడుస్తూ పద్యంలోకి ఎక్కే చోటు యాదృచ్ఛికంగా వచ్చేది కాదు. పాత్ర మనసు మాటకు లొంగనంతగా పొంగినప్పుడే పద్యం ఎత్తుకోవాలి. తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఇంతకాలం నిలిచింది ఆ చోట్లు ఎరిగి రాసినందువల్లనే. తాళం కట్టుబాటు లేకుండా, ఛందస్సు నడకను పట్టుకుని, అర్థం విరిగే చోట విరుస్తూ పాడి, చివర రాగం తీస్తారు. కథ అక్కడ ఆగుతుంది. సినిమాలో కెమెరా ముఖం మీదికి వెళ్లి నిలవడం ఎలాంటిదో ఈ రాగం అలాంటిది, ఆ ఒక్క క్షణం సాగదీసి చూపించడం. జనం ‘వన్స్‌మోర్’ అంటే ఆ దగ్గరి చూపును ఇంకోసారి అడుగుతున్నట్టే. రాగం మరీ పొడుగైతే పాత్ర పోయి పాటగాడు మిగులుతాడన్న ఫిర్యాదు పాతదే, నిజం కూడా. ఘంటసాల సినిమా పద్యాల్లో రాగాన్ని కుదించి మాటను ముందు పెట్టాడు. ఆ తర్వాత పల్లె నటులు కూడా ఆ పద్ధతి వైపు మొగ్గారు. సినిమా నుంచి నాటకం నేర్చుకున్న మంచిపాఠం అది.

నేర్చుకున్నదాని కంటే ఇచ్చింది తక్కువేమీ కాదు. 1957 నాటి ‘మాయాబజార్’ కథ వ్యాసభారతంలో లేదు. శశిరేఖా పరిణయంగా ఆటల్లో పాటల్లో నలిగి తెరకెక్కింది. సురభి నాటక సమాజాలు ఆ కథను నేటికీ ఆడుతూనే ఉన్నాయి, జనం మాత్రం ఘటోత్కచుడిలో ఎస్వీ రంగారావును వెతుక్కుంటారు. 1966 నాటి ‘శ్రీకృష్ణ తులాభారం’ సినిమాలో జమున కోసం పాడించిన సత్యభామ పాట, స్థానం నరసింహారావు రంగస్థలం మీద తానే సత్యభామ వేసిన రోజుల్లో రాసుకున్నది. ఒక మగవాడు చీర కట్టి సృష్టించిన ఒయ్యారాన్ని ఒక నటి తెరమీద అందుకుంది. కన్నడ సీమ వైపు చూస్తే గుబ్బి వీరణ్ణ 1934లో ఏనుగులను, గుర్రాలను దించి కురుక్షేత్రం ఆడించాడు. పౌరాణిక సినిమా తన ఆడంబరం కోసం ఎవరిని చూసి వాత పెట్టుకుందో వేరే చెప్పాలా? 1977లో వచ్చిన ‘దానవీరశూరకర్ణ’లో ఎన్టీఆర్ దుర్యోధనుడిగా కొండవీటి వెంకటకవి రాసిన పొడుగాటి సంభాషణలు చెప్పాక, సరిహద్దుకు ఇటూ అటూ పల్లె దుర్యోధనులందరూ ఆ మాటలకు పడిపోయారు. మిరాండా చెప్పిన నీలం రంగు మెట్లు దిగుతూ పోయింది. మన కిరీటం మెట్లెక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది.

ఇదంతా అనుకరణే కదా, ఎన్టీఆర్ గొంతును అరువు తెచ్చుకుని అరిచేది కళా అని అడిగేవాళ్లున్నారు. గొంతు అరువు దగ్గర వాళ్లతో పేచీ లేదు. సినిమా సంభాషణ టేపులా ఒప్పజెప్పే దుర్యోధనుడు మైకు ముందు నిలబడ్డ రికార్డు, అంతే. కానీ వేషాన్ని తెచ్చుకోవడం, గొంతును తెచ్చుకోవడం ఒకటి కావు. వేషం నటుడికి పాత్ర పని మొదలుపెట్టిస్తుంది, అరువు గొంతు ఆ పని లేకుండా చేస్తుంది. లండన్‌లో కూడా పరీక్ష ఇదే. స్ట్రీప్ గుసగుసను పట్టుకు వేలాడే మిరాండా ఆ హాల్లో వినబడదు. డబ్బిచ్చి పాత్ర కొనుక్కోవడం మీద వచ్చే అభ్యంతరం ఇంకా బరువైనది. పద్యం రాని మోతుబరి కృష్ణుడై, కంఠమున్న కూలివాడు ద్వారపాలకుడుగా మిగలడం జరగకపోదు. దాన్ని వెనకేసుకు రాలేం. కాకపోతే టిక్కెట్టు లేని ఈ నాటకానికి, ఏ సర్కారు నిధీ ఏ కంపెనీ పెట్టుబడీ చూసుకోకుండా ఖర్చు భరిస్తున్నది ఆ ముచ్చటే. పైగా డబ్బు కిరీటాన్ని కొనగలదు గాని వన్స్‌మోర్‌ను కొనలేదు, శ్రుతి తప్పిన కృష్ణుడికి జనం ఈల వేసి మరీ ఆ సంగతి చెబుతారు.

ఇంకో వేషం సంగతి మిగిలింది. ఈ జిల్లా బడుల్లో నేర్చే అక్షరాలు కన్నడవి. కాబట్టి ఇక్కడి నటుడి నోటుబుక్కులో తిరుపతి వెంకట కవుల తెలుగు పద్యం సాధారణంగా కన్నడ లిపిలో ఉంటుంది. యోగి కైవారం తాతయ్య తెలుగు కీర్తనలను ఈ సీమలో కన్నడ అక్షరాల్లో అచ్చువేసి చదువుకునే తీరే ఇదీ. ఆ లిపి చూసి తెలుగు రాని మనిషి అనుకుంటే పొరపాటు. తెర లేచాక ఆ పుస్తకం మేష్టరు హార్మోనియం పక్కన ఉంటుంది, పద్యం మాత్రం మత్తేభమో ఉత్పలమాలో గణం తప్పకుండా, యతి చెడకుండా, తెలుగులోనే గొంతు దాటుతుంది. తెల్లవారి డ్రెస్సులు ట్రంకులోకి పోతాయి. కిరీటం వెనక నాడా ఉంటుంది, తర్వాతి ఊళ్లో తల పెద్దదైతే వదులు చేస్తారు, చిన్నదైతే బిగిస్తారు.