వండర్ ఉమన్ పుట్టిల్లు

సూపర్ హీరోల పుట్టుపూర్వోత్తరాలు సాధారణంగా ఏదో ఒక నష్టంతో మొదలవుతాయి. సూపర్‌మాన్ పుట్టిన క్రిప్టాన్ గ్రహం పేలిపోతుంది, బ్యాట్‌మాన్ తల్లిదండ్రులు అతని కళ్ళెదుటే హత్యకు గురవుతారు, ఆ లోటు చుట్టూనే వారి వ్యక్తిత్వాలు రూపుదిద్దుకుంటాయి. వండర్ ఉమన్‌గా పేరుపొందిన డయానాకు అటువంటి లోటు లేదు: తల్లి బతికే ఉంది, పుట్టిన దీవి చెక్కుచెదరలేదు, అక్కడ ఆకలి లేదు, ముసలితనం లేదు. ఇటువంటి కల్పిత ఆదర్శ సమాజాన్ని సాహిత్య విమర్శలో యుటోపియా అంటారు. ఏ కొరతా లేని చోటు నుంచి వచ్చిన స్త్రీకి కథ ఎక్కడ పుడుతుందన్న చిక్కును ఆమెను చిత్రించిన ప్రతి రచయితా ఎదుర్కొన్నాడు. ఆ దీవికి ఒక గాయపడిన గతాన్నీ, ఆ గతం నుంచి వచ్చిన నియమాన్నీ ఇచ్చినవారే ఆ చిక్కును విప్పగలిగారు.

ఈ పాత్రను సృష్టించిన అమెరికన్ మనస్తత్వవేత్త విలియం మౌల్టన్ మార్‌స్టన్ 1941లో, చిత్రకారుడు హెచ్.జి. పీటర్‌తో కలిసి, ఆల్ స్టార్ కామిక్స్ ఎనిమిదో సంచికలోనే ఆ పని చేశాడు. డయానా తల్లి, గ్రీకు పురాణాల్లోని యోధ స్త్రీలైన అమెజాన్ల రాణి హిప్పోలిటాను హెర్క్యులిస్ మోసగించి, ఆమె మంత్రశక్తి గల వడ్డాణాన్ని కాజేసి, ఆమె జాతినంతటినీ బానిసలుగా బంధిస్తాడు. దేవత అఫ్రొడైటీ వారిని విడిపిస్తూనే, బంధించినవారు తొడిగిన కడియాలను ఎప్పటికీ తీయరాదని షరతు పెడుతుంది. పారడైజ్ ఐలాండ్ అని మార్‌స్టన్ పేరు పెట్టిన ఆ దీవి ఆ విధంగా చెర నుంచి బయటపడిన స్త్రీల ఆశ్రయం అవుతుంది. తూటాలను అడ్డుకునే కవచాలుగా పాఠకులకు పరిచయమైన ఆ కడియాలు నిజానికి దాస్యపు గుర్తులు, వాటి పనితీరు కూడా ఆ చరిత్రకు తగినట్టే ఉంటుంది: 1940ల కథల్లో ఏ పురుషుడైనా వాటికి గొలుసు అతికితే డయానా బలం పోతుంది, వాటిని పూర్తిగా తొలగిస్తే ఆమె బలం అదుపు తప్పి విధ్వంసానికి దిగుతుంది. పరాధీనతా, హద్దులేని బలమూ రెండూ ప్రమాదాలేనన్న దీవి ధర్మాన్ని ఉపన్యాసం లేకుండా రెండు లోహపు పట్టీల్లో ఇమిడ్చిన ఈ కల్పన మార్‌స్టన్ రచనలోకెల్లా గొప్ప అంశం.

యుటోపియా రచనల్లో బయటివారు ఆ లోకానికి వెళ్ళి, చూసి, ఆశ్చర్యపోవడం పరిపాటి. 1905లో మద్రాసులోని ఒక మహిళా పత్రికలో వెలువడిన రొకేయా సఖావత్ హొసేన్ ‘సుల్తానాస్ డ్రీమ్’లోనూ, 1915 నాటి షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ ‘హెర్‌లాండ్’లోనూ స్త్రీల రాజ్యం ఆ విధంగానే కనిపిస్తుంది. మార్‌స్టన్ ఈ పద్ధతిని తిరగవేసి, ఆదర్శలోకపు ఆడపడుచునే మన లోకానికి పంపాడు. అందుకు ఆమె అమరత్వాన్ని వదులుకోవాలి. పుట్టింట్లో నేర్చినదే ఆమెకు కొలబద్ద, శత్రువులను సైతం ఆమె దానితోనే కొలుస్తుంది. ఓడిన దుష్టులను ఆమె చంపదు, మార్పు కోసం అమెజాన్లు నడిపే మరో దీవికి పంపుతుంది, నాజీల గూఢచారిణి పౌలా వాన్ గుంథర్ చివరికి ఆమె నెచ్చెలి అవుతుంది.

1987లో ఈ కథను కొత్తగా మొదలుపెట్టిన జార్జ్ పెరెజ్, నల్లసముద్ర తీరాన అమెజాన్ల నగరంగా గ్రీకు పురాణాలు చెప్పే థెమిస్కిరా పేరును దీవికి పెట్టి, దాని గతానికి మరింత బరువునిచ్చాడు. ఇక్కడి అమెజాన్లు పురుషుల హింసకు బలైన స్త్రీల ఆత్మలు. చెర నుంచి బయటపడే క్షణంలో వారు ప్రతీకారానికి దిగారు గనుక, దీవి అడుగున బంధించి ఉన్న దుష్టశక్తులకు కాపలా కాయడం వారికి ప్రాయశ్చిత్తంగా విధించబడుతుంది. తప్పు చేసి దాన్ని మోస్తున్న సమాజంలో పెరిగిన పిల్ల కాబట్టే డయానాకు బలమూ, సంయమనమూ కలిసి అబ్బాయని నమ్మడం సులువు. ప్యాటీ జెంకిన్స్ 2017 చిత్రంలో భారం మరో రూపం తీసుకుంటుంది: తల్లి కొంత నిజం దాచి కథలు చెప్పి పెంచినందువల్ల, యుద్ధదేవుడు ఏరీస్‌ను చంపితే మొదటి ప్రపంచయుద్ధం ఆగిపోతుందని డయానా నమ్ముతుంది, ఆ నమ్మకం విరిగినప్పుడే ఆమె పెద్దదవుతుంది.

2011లో మొదలైన బ్రయన్ అజరెల్లో, క్లిఫ్ చియాంగ్‌ల పరంపర ఈ దారిని వదిలేసింది. అందులో అమెజాన్లు ఓడలపై దాడి చేసి, నావికులతో కలిసి, వారిని చంపి, పుట్టిన మగపిల్లలను ఆయుధాలకు మారుగా హెఫెస్టస్ దేవుడికి అప్పగిస్తారు. దీవికి మచ్చ ఉండడంలో దోషం లేదు, పెరెజ్ కూడా మచ్చ పెట్టాడు. కాని అక్కడ స్త్రీలు తమ తప్పును ఒప్పుకుని దానితో బతుకుతారు, ఇక్కడ దాన్ని ఆచారంగా సాగిస్తూ డయానాకు తెలియకుండా దాస్తారు. సంగతి తెలిసిన డయానా కొలిమిలో పనిచేస్తున్న ఆ సోదరులను విడిపించడానికి పూనుకున్నప్పుడు, ఆ దయ ఏ పెంపకం నుంచి వచ్చిందో చెప్పడానికి ఆ పరంపర దీవిలో ఏమీ మిగల్చలేదు.