పొయ్యి ఎక్కని పులుసు

తాండూరు కందిపప్పుకు 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చింది. యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ దరఖాస్తు పెట్టి సాధించుకున్న గుర్తింపు అది. లోతైన నల్లరేగడిలో, వాననే నమ్ముకుని పండే ఆ కంది రుచి, త్వరగా ఉడికే గుణం, చాలాకాలం పాడవకుండా నిలవుండే తీరు, అన్నీ కాగితాలకెక్కాయి. మా వికారాబాద్ జిల్లా వాళ్లకు ఎంతో సంతోషం. అయితే ఎండాకాలం మధ్యాహ్నం ఆ పప్పును ముద్దగా వండిన ఇంట్లో పక్కన ఇంకో గిన్నె కూడా ఉంటుంది. దాన్ని తలచుకున్నవాళ్లు తక్కువ. ఈ వారం ఆ గిన్నెలోని పచ్చిపులుసు గురించి చెప్పుకుందాం.

మరిగించేది లేదు కాబట్టి ఇది తేలిక పని అనుకుంటారు కొత్తగా వంట పట్టినవాళ్లు. మరిగే చారులో ఉప్పు, పులుపు, కారం ఒకదానిలో ఒకటి కలవడానికి వేడి సాయం చేస్తుంది. ఇక్కడ ఆ పనంతా వేళ్లే చేయాలి. చింతపండును చల్లటి నీళ్లలో తీరుబడిగా నానబెట్టి పిండుకోవాలి. ఇంకో గిన్నెలో సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, నిప్పుల మీద కాల్చిన పచ్చిమిరపకాయలు, కొత్తిమీర, జీలకర్ర, ఉప్పు వేసి, నీళ్లు తగలనివ్వకుండా చేత్తో పిసకాలి. ఉప్పుకు ఉల్లిగడ్డ నీరు వదులుతుంది. ఆ నీటిలోకి మిరపకాయ ఘాటు దిగుతుంది. అప్పుడు పులుసు పోయాలి. ఈ వరుస తప్పించి, పులుసులోనే ముక్కలు వేసి గరిటె తిప్పితే ముక్కల దారి ముక్కలది, నీళ్ల దారి నీళ్లది. మా అమ్మ పచ్చిపులుసుకు గరిటె ముట్టేది కాదు. "చెయ్యి పెడితేనే ఉప్పు తెలుస్తది" అనేది. ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు. ఉల్లిగడ్డ ఎంత మెత్తబడిందో, పులుసు ఎంత చిక్కగా ఉందో వేళ్లకే ముందు తెలుస్తుందని ఇప్పుడు నేను పిసుకుతుంటే తెలుస్తోంది.

వేయించి దంచిన నువ్వుల పొడి మా వైపు పచ్చిపులుసుకు ప్రాణం. కోస్తాలో చాలా ఇళ్లలో నువ్వులు వేయరు, బెల్లం కాస్త ముందుంటుంది. కాల్చిన వంకాయ గుజ్జు కలిపేవాళ్లూ ఉన్నారు. అవీ మంచి రుచులే. నా మొగ్గు మాత్రం నువ్వులకే. పుల్లటి నీళ్లకు అవి కొంత చిక్కదనం, కొంత జిడ్డు ఇస్తాయి, దాంతో పులుపు నాలుకను కొయ్యదు. ఆఖరున ఆవాలు, ఎండుమిర్చి, వెల్లుల్లి, కరివేపాకు పోపు. పులుసుకు తగిలే వేడి అంతవరకే. హైదరాబాద్‌లో ముస్లింల ఇళ్లలో కిచిడీ, ఖీమాతో పాటు పెట్టే ఖట్టా కూడా ఈ కుటుంబానిదే. అందులోనూ చింతపండు, నువ్వులు, పచ్చి ఉల్లిగడ్డ, పైన తాలింపు. పక్కపక్క ఇళ్లలో బతికినవాళ్ల వంటలు ఇలాగే చుట్టాలవుతాయి.

ఎక్కడో బాల్టిక్ సముద్రం ఒడ్డున లిథువేనియాలోనూ ఎండాకాలం వస్తే చల్లటి పులుసే. షాల్టిబార్షియాయ్ అంటారు. కెఫీర్ అనే పులిసిన పాలలో బీట్‌రూట్ తురుము, కీరా, ఉల్లికాడలు, సోయకూర, ఉడికిన గుడ్డు కలుపుతారు. ముదురు గులాబీ రంగులో ఉంటుంది. పక్కన వేడివేడి ఆలుగడ్డలు తప్పనిసరి. ఆ ఆలుగడ్డల దగ్గరే నా మనసు ఆగింది. ఒక గిన్నెలో చల్లటిది, ఒక పళ్లెంలో వేడిది, రెండూ నోట్లో కలవాలి. పొగలు కక్కే ముద్దపప్పు అన్నం మీద చల్లటి పచ్చిపులుసు పోసుకునే మనకు ఆ లెక్క ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఆ సూప్ పోలండ్‌లోనూ ఉంది. ఆ రెండు దేశాలు 1569 నుంచి 1795 దాకా ఒకే రాజ్యం, అలాంటప్పుడు వంటకు సరిహద్దు గీయడం కుదరదు. పచ్చిపులుసునూ ఒక ఊరికి కట్టేయలేం. చింతచెట్టు తొలి ఇల్లు ఆఫ్రికా. ఎప్పుడో పాతకాలంలో ఇక్కడికొచ్చి మన ఊరి చెట్టయింది. మిరప 16వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్ల వెంట వచ్చింది, అంతకుముందు మనకు కారమంటే ఎక్కువగా మిరియాలే. అంటే ఇవాళ మనం తినే పచ్చిపులుసు వయసు అయిదు వందల ఏళ్లు దాటదు. అందువల్ల దాని మీద నాకు గౌరవం పెరిగిందే గానీ తగ్గలేదు. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాటిని మన ఆడవాళ్లు మన ఎండకు తగ్గట్టు కూర్చారు మరి.

ఆ కూర్పును రుతువుతో జతపరచి చూడండి. కంది డిసెంబరు, జనవరిలో కోతకొస్తుంది. ఆ తర్వాత చింతపండు కాలం. అరుగుల మీద కూర్చుని దంచి, గింజ తీసి, ఉప్పు కలిపి ఏడాదికి సరిపడా దాస్తారు. యాసంగి ఉల్లిగడ్డ ఎండలతో పాటే ఇంటికి చేరుతుంది. ఎండ ముదిరేనాటికి ఈ భోజనానికి కావలసినవన్నీ ఇంట్లోనే ఉంటాయి. పొలం నుంచి చెమటోడ్చి వచ్చిన మనిషికి నీళ్లూ ఉప్పూ ఒకేసారి అందుతాయి, మిట్టమధ్యాహ్నం పొయ్యి ముందు నిలబడే ఇల్లాలికి కాస్త వెసులుబాటు దొరుకుతుంది.

లిథువేనియా వాళ్లు తమ రాజధాని విల్నియస్‌లో 2023 నుంచి ఏటా ఆ గులాబీ సూప్‌కు పండుగ చేస్తున్నారు. మనకు అంత పండుగ లేకపోయినా ఫర్వాలేదు, పంక్తిలో చోటు దొరికితే చాలు. పెళ్లిళ్లలో సాంబారు ఉంటుంది, రసం ఉంటుంది, పచ్చిపులుసు అరుదుగా కనిపిస్తుంది. తాండూరు, వికారాబాద్ హోటళ్లవారికి, పెళ్లి వంటలవారికి నా విన్నపం ఒక్కటే. ఏప్రిల్, మే నెలల్లో పప్పు వడ్డించిన చోట పచ్చిపులుసు కూడా వడ్డించండి. పొద్దున్నే కలిపి ఉంచకండి, గంటల తరబడి నానితే ఉల్లిగడ్డ కరకర పోతుంది, వాసన మారుతుంది. మరిగించి చిక్కబరిచి సీసాలకెత్తిన చింతపండు గుజ్జు చారుకు పనికొస్తుందేమో గానీ దీనికి పనికిరాదు.

ఇళ్లలో ఉన్నవారు ఈ సెలవుల్లో పిల్లల చేత పచ్చిపులుసు కలిపించండి. కాల్చడం, పోపు పెట్టడం మీరు చూసుకుంటే, పిల్లలు పొయ్యి దగ్గరికి పోకుండా నేర్చుకోగల వంట ఇది, కాబట్టి మొదట నేర్పాల్సిందీ ఇదే. ఉల్లిగడ్డ వాళ్ల చేత పిసికించండి, మిరపకాయలు మాత్రం మీరే నలపండి.