మాట లేని సంగీతానికి వస్తువేమిటి?

కళలో వస్తువును ముందు చూడాలనీ, రూపం దాన్ని అనుసరించి నడవాలనీ అభ్యుదయ విమర్శ మనకు నేర్పింది. ఆ పాఠం అవసరమైనదే. గాని అదే కొలబద్ద పట్టుకొని సంగీతం దగ్గరికి పోయినప్పుడు మనం తబ్బిబ్బు పడుతున్నాం. పాట అయితే చిక్కు లేదు. పల్లవి విని, ఇది దేవుణ్ణి పొగిడింది, అది కూలివాడి కష్టం చెప్పింది అని తీర్పు ఇచ్చేస్తాం. మరి పల్లవే లేని వాద్యం మాటేమిటి? ఒక్కడు కూర్చుని, ముందుగా రాసిపెట్టుకున్నదేదీ లేకుండా, అప్పటికప్పుడు అల్లే సంగీతం మాటేమిటి? దాన్ని శుద్ధ కళావాదులకు వదిలివేయడం తేలిక. అలా వదిలివేయడం మన విమర్శకు ఓటమి అని నా వాదం.

మన కళ్లెదుట ఉన్న ఉదాహరణ తీసుకుందాం. 1930లో కోనసీమలోని శంకరగుప్తంలో పుట్టి, 2016లో చెన్నైలో కన్నుమూసిన మంగళంపల్లి బాలమురళీకృష్ణను జనం గాయకుడిగానే ఎరుగుదురు. 1963లో వచ్చిన 'నర్తనశాల'లో ఆయన గొంతు వినని తెలుగువాడు అరుదు. అయితే తల్లి సూర్యకాంతమ్మ వైణికురాలు. తండ్రి పట్టాభిరామయ్య సంగీత విద్వాంసుడు. బెజవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు దగ్గర త్యాగరాజ శిష్య పరంపర విద్యను అందుకున్న ఆ కుర్రవాడు పాటతో ఆగలేదు. ఫిడేలు పట్టి ఇతరులకు పక్కవాద్యం వాయించాడు. మృదంగం, కంజీర కూడా పలికించాడు. డెబ్బై రెండు మేళకర్త రాగాలలోనూ కృతులు రచించాడు. ఇన్ని చేతనైనవాడు వయోలాను ఒళ్లోకి తీసుకొని ఏకవాద్య కచేరీలు చేశాడు. ఎందుకు చేసినట్టు?

పక్కవాద్యకారుడి పని గాయకుణ్ణి వెన్నంటి నడవడం. మన సంగీతంలోకి ఫిడేలు వచ్చింది పందొమ్మిదో శతాబ్దపు తొలి రోజుల్లో, బాలుస్వామి దీక్షితులు మొదలైనవాళ్ల చేతుల మీదుగా. అది చాలాకాలం ఆ సేవలోనే ఉండిపోయింది. ద్వారం వెంకటస్వామినాయుడు (1893-1964) దాన్ని సభ మధ్యన ఒంటరిగా కూర్చోబెట్టి గౌరవం ఇప్పించాడు. అంచేత బాలమురళికి దారి కొత్తది కాదు, వాద్యం కొత్తది. వయోలా ఫిడేలు కన్నా పెద్దది. పాశ్చాత్యుల పద్ధతిలో దాని శ్రుతి ఫిడేలుకు ఒక పంచమం కింద ఉంటుంది. తీగెలు లావు. కమాను వేసిన వెంటనే ఫిడేలు పలికినంత చురుకుగా అది పలకదు.

అసలు కీలకం ఇక్కడే ఉంది. బాలమురళి గొంతుకు అడ్డంకి అనేది తెలియదు. మూడు స్థాయిలూ అవలీలగా తిరిగే ఆ గొంతులో చమత్కారం ఒక్కొక్కప్పుడు రాగాన్ని మించిపోయేదన్న ఆక్షేపణ ఉంది. అందులో కొంత నిజం ఉందని ఒప్పుకోవాలి. వయోలా ఆ వేగాన్ని అంత సులభంగా ఇవ్వదు. వాద్యం ఎదురుతిరిగిన చోట నిదానం తప్పనిసరి అవుతుంది. ఒక స్వరం మీద నిలబడడం, దాని బరువు తూచడం, తరువాతి స్వరానికి ఎలా పోవాలో ఆలోచించడం అవసరమవుతుంది. గొంతులో విలాసంగా వినిపించినది వయోలాలో శ్రమగా మారుతుంది. రాగానికి మేలు చేసింది ఆ శ్రమే.

ఇది మన ఒక్కరి అనుభవమే కాదు. అమెరికన్ జాజ్ కళాకారుడు కీత్ జారెట్ పియానోతో పాటు సోప్రానో సాక్సఫోను, డ్రమ్ములు కూడా వాయించినవాడు. 1967లో చార్లెస్ లాయిడ్ బృందంతో సోవియట్ దేశానికి పోయి టాలిన్‌లో వాయించాడు. తరువాత మైల్స్ డేవిస్ బృందంలో విద్యుత్ వాద్యాలు పలికించాడు. అన్నీ చేసి, 1970ల్లో ఒంటరి పియానో ముందు కూర్చుని ఆశుధారగా వాయించడం మొదలుపెట్టాడు. 1975 జనవరి 24 రాత్రి జర్మనీలోని కొలోన్ నగరంలో ఆయనకు దొరికింది చిన్న, లోపాల పియానో. పై స్వరాలు రేకు మోత, కింది స్వరాలు బలహీనం. దాంతో ఆయన నడిమి స్వరాలలోనే ఎక్కువగా తిరిగాడు. ఎడమచేత్తో ఒకే వరసను పదేపదే వాయించి, దాన్నే నేలగా చేసుకున్నాడు. గంటకు పైగా సాగిన ఆ కచేరీ రికార్డు లోకమంతా తిరిగింది. వాద్యం లోపమే రూపాన్ని నిర్ణయించింది.

అనివార్యతను గ్రహించడంలోనే స్వేచ్ఛ ఉందని మార్క్సిజం చెబుతుంది. దీనికి ఆశుసంగీతం కన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించదు. మనోధర్మమంటే మనసుకు తోచినట్టు వాయించడం కాదు. రాగలక్షణం ఒక కట్టు, వాద్యం ఒక కట్టు, ఎదుట కూర్చున్న శ్రోత ఒక కట్టు. వీటి మధ్య ఒక మనిషి చేసే క్షణక్షణ నిర్ణయమే మాట లేని సంగీతానికి వస్తువు.

అయితే ఇది వ్యక్తివాదం కాదా అని మిత్రులు అడగవచ్చు. వేదిక మీద మనిషి ఒక్కడే గాని, రాగం ఒక్కడిది కాదు. తరాల శిష్యులు నలిగి, నలిపి అందించిన ఉమ్మడి సొత్తు అది. మన పల్నాట కారెంపూడిలో వీరులను తలచుకొనేటప్పుడు వీరవిద్యావంతులు చెప్పే కథను చూడండి. కథ అందరిదీ. దాన్ని ఆ రాత్రికి ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ ముగించాలో తేల్చేది చెప్పేవాడు. పంబ మోతకే జనం ఒళ్లు గగుర్పొడుస్తుంది. అక్కడ మాటతో పని లేదు. బాలమురళిది మనోధర్మమైతే ఇది కూడా మనోధర్మమే. ఒకదానికి సభాగౌరవం దక్కి, రెండోదానికి జానపదమనే చిన్న పీట దక్కడంలో కులం ఉంది, వర్గం ఉంది. అభ్యుదయ విమర్శ అడగవలసిన ప్రశ్న అది: ఈ స్వేచ్ఛను అభ్యసించే తీరిక, గురువు, వాద్యం ఎవరికి అందాయి, ఎవరికి అందలేదు?

1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ రేడియో ఆ అడ్డుగోడను కొంత తొలిచింది. సభకు టిక్కెట్టు కొనలేని దాచేపల్లి, గురజాల వంటి ఊళ్లకు శాస్త్రీయ సంగీతాన్ని చేర్చింది. భక్తిరంజని కార్యక్రమంలో వినిపించిన బాలమురళిది ఆ పనిలో పెద్ద పాలు. ఆ కార్యక్రమంలోని భక్తితో మనకు పేచీ ఉండవచ్చు. పేచీ పెట్టుకొనే ముందు వినాలి గదా!

మన కళాశాలల్లో పద్యానికి తాత్పర్యం రాయిస్తాం, నడకను వినిపించం. సంగీతాన్నీ అలాగే తాత్పర్యానికి కుదిస్తే మిగిలేది నినాదం. బాలమురళి వయోలా ఆలాపన ఒకటి విద్యార్థులకు వినిపించండి. ఎక్కడ ఆగాడో, ఎందుకు ఆగాడో, ఆగిన చోటునుంచి ఏ దారిన బయటపడ్డాడో చెప్పమనండి. అక్కడ విమర్శ మొదలవుతుంది.