రాక్షసబల్లులు, తోలుగుడ్డలు, ‘ఆదిమ’ అనే మాట

రాక్షసబల్లులూ గుహమనుషులూ కలిసి పరుగెత్తే పాత సినిమాలను చదువుకున్నవాళ్ళు రెండు మాటల్లో తీసిపారేస్తారు. రాక్షసబల్లులు అంతరించి 6 కోట్ల 60 లక్షల ఏళ్ళయింది, మనలాంటి మనిషి పుట్టి 3 లక్షల ఏళ్ళు, ఈ రెంటినీ ఒకే మడుగు దగ్గర నిలబెట్టడం అజ్ఞానం అంటారు. లెక్క నిజమే. కానీ ఆ లెక్క తెలిసినవాళ్ళు కూడా ఆ సినిమా వస్తుంటే కూర్చున్నచోటు నుంచి లేవరు. ఎందుకు లేవరన్నది ఒక ప్రశ్న. ఆ సినిమాల్లో అసలు అబద్ధం ఎక్కడుందన్నది రెండో ప్రశ్న. యానాది కులంలో పుట్టినవాడిగా నాకు రెండోదే ముఖ్యం. అయితే మొదటిదానికి జవాబు చెప్పుకోకుండా రెండోదాని దగ్గరికి పోలేం.

ఈ సినిమాలు సినిమాకు దాదాపు తోడబుట్టినవే. 1912లో డి.డబ్ల్యు. గ్రిఫిత్ తీసిన ‘మ్యాన్స్ జెనెసిస్’లో బక్కవాడొకడు కర్రకు రాయి తొడిగి బలిసినవాణ్ణి గెలుస్తాడు. 1925లో ‘ది లాస్ట్ వరల్డ్’లో విల్లిస్ ఓబ్రియన్ బొమ్మ రాక్షసబల్లులను నడిపించాడు. 1933 నాటి ‘కింగ్ కాంగ్’లోనూ ఆయన చెయ్యే ఉంది. 1940లో హాల్ రోచ్ ‘వన్ మిలియన్ బి.సి.’ వచ్చింది. దాన్నే ఇంగ్లండులోని హామర్ కంపెనీ 1966లో ‘వన్ మిలియన్ ఇయర్స్ బి.సి.’ అని రంగుల్లో మళ్ళీ తీసింది. రాక్వెల్ వెల్చ్ తోలుగుడ్డ కట్టి నిలబడిన పోస్టరు ఆ సినిమాదే. 1994లో ‘ది షాషాంక్ రిడెంప్షన్’ సినిమాలో జైలుగోడకు తవ్విన కంతను కప్పింది కూడా ఆ పోస్టరే. సినిమా మరిచిపోయినవాళ్ళకు కూడా పోస్టరు గుర్తుంది.

ఈ సినిమాలు నిలవడానికి మొదటి కారణం భాష. అంటే, భాష లేకపోవడం. 1966 సినిమాలో మొదట కాసేపు వెనకనుంచి ఒక గొంతు కథ చెబుతుంది, ఆ తర్వాత మనుషులు నాలుగైదు కల్పిత మాటలతో, సైగలతో, అరుపులతో సరిపెట్టుకుంటారు. లండన్‌లో చూసినవాడికీ చిలకలూరిపేటలో చూసినవాడికీ అర్థమయ్యేది ఒకటే. ఇంగ్లీషు సినిమా అనగానే మనవాళ్ళకు ఉండే బెరుకు ఇక్కడ ఉండదు. ఇంగ్లీషు రాకపోవడం తప్పుగా లెక్కించని ఇంగ్లీషు సినిమా ఇదొక్కటే.

రెండో కారణం పని. మన సినిమాల్లో హీరో ఏ పని చేసి బతుకుతాడో చాలాసార్లు తెలియదు. ఇక్కడ తెరమీద జరిగేదంతా పనే. తిండి ఎలా దొరికింది, దాన్ని ఎవరు మోశారు, ఎవరికి ముందు పెట్టారు, ముసలివాళ్ళకు ఏం మిగిలింది, నిప్పు ఆరితే ఏం చేశారు. 1966 సినిమాలో కథ మొదలయ్యేదే మాంసం ముక్క దగ్గర. తండ్రి లాక్కుంటాడు, కొడుకు టుమాక్ ఎదురు తిరుగుతాడు, గుంపులోంచి గెంటివేయబడతాడు. మిరప కోతలకు ఊరు విడిచి వెళ్ళి, సాయంత్రం కూలి లెక్క దగ్గర నిలబడినవాళ్ళకు ఈ కథ కొత్తది కాదు.

పంటలు ఇంటికి చేరిన రోజుల్లో వీడియో డెక్కూ టీవీ అద్దెకు తెచ్చి తెల్లవార్లూ నాలుగు సినిమాలు వేసే అలవాటు మా వైపు ఉండేది. అలాంటి ఒక రాత్రి మా కాలనీలో ఇలాంటి సినిమా ఒకటి పడింది. మా అవ్వ మధ్యలో లేచి కూర్చుంది. “ఒరే, ఇంతమంది ఉండారు, ఒకడికన్నా కన్నం ఎక్కడుందో చూసే తెలివి లేదేందిరా? అంత పెద్దదాని ఎనకాల పడకపోతే ఎలుకలు లేవా, ఉడుములు లేవా, చేపలు లేవా?” అంది. అందరం నవ్వాం. ఆ నవ్వులో ఉన్నది మంచి విమర్శ అని ఇప్పుడు అనిపిస్తుంది. చిల్లు పెట్టిన కుండలో గడ్డి రాజేసి, నోటితో ఊది, పొగను కన్నంలోకి పంపి, ఎలుకను పట్టి, అది దాచుకున్న వడ్లను కూడా తవ్వి తెచ్చుకునే విద్య తెలిసిన మనిషి ఆమె. ఆ సినిమా తీసినవాళ్ళకు వేట అంటే పెద్ద జంతువుతో పోట్లాట. వేట అంటే ముందు నేలను చదవడం అన్నది వాళ్ళకు తట్టలేదు.

మూడో కారణం చేతిపని. 1940 సినిమాలో రాక్షసబల్లులుగా చూపింది బతికున్న బల్లులనూ మొసలినీ. పంది మీద రబ్బరు తొడుగు వేసి కొమ్ముల రాక్షసబల్లి అన్నారు. మొసలి వీపుకు రెక్క అతికించి బల్లితో కొట్లాట పెట్టారు. ఆ ముక్కలను తర్వాత ఎన్నో చవక సినిమాల్లో మళ్ళీ మళ్ళీ వాడుకున్నారు. అది చూడటానికి నాకు ఇష్టం ఉండదు, అక్కడ కదిలేది ఒక జీవి బాధ. 1966లో రే హ్యారీహౌసెన్ దారి వేరు. ఒకటి రెండు చోట్ల నిజమైన బల్లినీ సాలెపురుగునూ పెద్దవి చేసి చూపించినా, మిగతావన్నీ ఆయన చేతిబొమ్మలు. లోపల కీళ్ళున్న ఇనుప ఎముకలు, పైన రబ్బరు చర్మం. బొమ్మను వెంట్రుకవాసి కదిలించి ఒక ఫొటో, మళ్ళీ కదిలించి ఇంకో ఫొటో. తెరమీద ఒక్క సెకనుకు 24 ఫొటోలు కావాలి. ఎరుకల ఆడమనిషి ఒక్కొక్క బద్దా చేర్చి బుట్ట అల్లినట్టు ఆ మృగాన్ని అల్లాడు.

అందుకే ఆ బొమ్మ నడకలో చిన్న వణుకు కనబడుతుంది. కంప్యూటర్ మృగాలకు అలవాటుపడిన పిల్లలు దాన్ని చూసి నవ్వొచ్చు. తోలుబొమ్మలాట చూసిన మన పెద్దవాళ్ళు నవ్వరు. తెర వెనక మనిషి ఉన్నాడని వాళ్ళకు తెలుసు, తెలిసీ రావణుణ్ణి చూసి భయపడతారు. బొమ్మను ఆడిస్తున్న చెయ్యి తెలియడం వల్ల భయం తగ్గదు, దానికి తోడు ఆ చేతిమీద గౌరవం పెరుగుతుంది. ఈ సినిమాలు పాతబడకపోవడానికి ఇది గట్టి కారణం.

ఇక రెండో ప్రశ్న. రాక్షసబల్లినీ మనిషినీ కలపడం అసలు అబద్ధం కాదు. అది కథకుడి చనువు, మన పిల్లల కథల్లో ఏనుగు మాట్లాడినట్టు. అసలు అబద్ధం మనుషుల మధ్య పెట్టిన మెట్లలో ఉంది. 1966 సినిమాలో రెండు తెగలున్నాయి. కొండరాళ్ళ తెగవాళ్ళవి నల్లజుట్లు. వాళ్ళు మొరటువాళ్ళు, ముసలివాళ్ళను పట్టించుకోరు, తిండికి కొట్టుకుంటారు. సముద్రం ఒడ్డున ఉండే గవ్వల తెగవాళ్ళవి బంగారు రంగు జుట్లు. వాళ్ళకు బొమ్మలు గీయడం వచ్చు, మంచి ఈటెలు చేయడం వచ్చు, పంచుకు తినడం వచ్చు. నల్లజుట్టువాడు బంగారు జుట్టు అమ్మాయి దగ్గర మనిషితనం నేర్చుకుంటాడు. ఒక్క మాట కూడా లేకుండా ఎంత పాఠం చెప్పారో చూడండి. భాష లేని సినిమాలో జుట్టు రంగే భాష అయింది.

ఇంకొక సంగతి. ఆ సినిమా బయటి దృశ్యాలు తీసింది కానరీ దీవుల్లో. ఆ దీవుల మూలవాసులు గ్వాంచీలు. వాళ్ళలో చాలామంది నిజంగానే గుహల్లో ఉండేవాళ్ళు, తోళ్ళు కట్టేవాళ్ళు, మేకలు కాచేవాళ్ళు. 15వ శతాబ్దంలో స్పెయిన్ ఆ దీవులను ఒక్కొక్కటే ఆక్రమించి 1496కల్లా పని ముగించింది. ఎందరినో బానిసలుగా అమ్మింది. ఆ నేలమీదే తోళ్ళు కట్టిన నటులు గుహమనుషుల వేషం వేశారు. అక్కడ నిజంగా బతికి, ఓడిపోయినవాళ్ళ ఊసు సినిమాలో ఎక్కడా లేదు.

దీనికి ఎదురుగా 1981లో జాన్ జాక్ అనో తీసిన ‘క్వెస్ట్ ఫర్ ఫైర్’ను పెట్టి చూడాలి. అందులో రాక్షసబల్లులు లేవు. మనుషుల మాటలను రచయిత ఆంథొనీ బర్జెస్ కల్పించాడు, సైగలను డెస్మండ్ మోరిస్ సమకూర్చాడు. నిప్పు ఆరిపోయిన గుంపు నుంచి ముగ్గురు నిప్పు వెతుక్కుంటూ బయలుదేరుతారు. వాళ్ళకు నిప్పును కాపాడటం తెలుసు, పుట్టించడం తెలియదు. ఒంటికి మట్టి పూసుకుని, నీటి ఒడ్డున గుడిసెల్లో ఉండే మనుషులు పుల్లను అరచేతుల మధ్య తిప్పి నిప్పు పుట్టించి చూపిస్తారు. చూసేవాడు ఎవరిని ‘వెనకబడినవాళ్ళు’ అనుకుంటాడో వాళ్ళే గురువులవుతారు. ఇంకో చోట ఒకడి నెత్తిన రాయి పడితే ఆ తెగ అమ్మాయి పకపకా నవ్వుతుంది. మిగతా ముగ్గురికి నవ్వడం అంటే ఏమిటో తెలియదు, తర్వాత నేర్చుకుంటారు. తప్పులు అందులోనూ ఉన్నాయి, తెగలను మెట్లుగా పేర్చడం అందులోనూ ఉంది. కానీ మనిషిని మనిషి చేసింది కండ కాదు, ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవడమూ కలిసి నవ్వడమూ అని చెప్పిన సినిమా అది.

మన తెలుగు సినిమా ఈ రెంటిలో దేన్ని తీసుకుంది? వేషాన్ని తీసుకుంది. హీరో అడవిలో దారి తప్పితే చాలు, ఈకలు, ఎముకల దండలు, ముఖాన బొగ్గుగీతలు, చేత ఈటెలు పట్టిన గుంపు ఒకటి చుట్టుముడుతుంది. వాళ్ళకు భాష ఉండదు, ‘హుం హుం’ అని అరుపులు ఉంటాయి. పెద్ద కుండలో నీళ్ళు మరుగుతుంటాయి. హాలంతా నవ్వుతుంది. ఈ గుంపు నల్లమలది కాదు, ఏజెన్సీది కాదు, మన తీరంది కాదు. విదేశీ గుహమనిషి సినిమా నుంచి తోలుగుడ్డ తెచ్చి గిరిజనుడికి కట్టారు, అంతే. నల్లమల చెంచులు మాట్లాడేది తెలుగే. యానాదులు మాట్లాడేదీ తెలుగే. తెలుగు మాట్లాడేవాళ్ళకు తెలుగు సినిమాయే నోరు లేకుండా చేసింది. 1958లో వచ్చిన ‘చెంచులక్ష్మి’లో పురాణం ఎంత కలిపినా, చెంచుపిల్లకు మాట ఉంది, పని ఉంది, దేవుడికే వేట నేర్పే ధైర్యం ఉంది. వెనక్కి నడిచింది ఆ తర్వాతే.

వేషం తెరమీద ఆగిపోతే దీన్ని ఇంత పట్టించుకోనక్కర్లేదు. అది కాగితాల్లోకి కూడా వచ్చింది. షెడ్యూల్డు తెగను గుర్తించడానికి 1965లో లోకూర్ కమిటీ చెప్పిన కొలతల్లో మొదటిది ఆదిమ లక్షణాల జాడలు. బయటి జనంతో కలవడానికి బెరుకు, వెనకబాటుతనం కూడా ఆ పట్టీలో ఉన్నాయి. 1970లలో కొన్ని తెగలను విడిగా ‘ఆదిమ తెగలు’ అన్నారు, చెంచులు అందులో ఉన్నారు. 2006లో ఆ పేరు తీసి ‘ప్రత్యేకంగా దుర్బలమైన తెగలు’ అని మార్చారు. కొలతలు మాత్రం అలాగే మిగిలాయి. ధ్రువపత్రం కోసం వెళ్ళిన కుర్రవాడు శుభ్రమైన చొక్కా వేసుకుంటే “నువ్వు చూడటానికి అలా లేవే” అనే మాట వినాల్సి వస్తుంది. ‘అలా’ అంటే ఎలా? ఆ మాట అన్న మనిషి మనసులో ఉన్న బొమ్మ ఏ అడవి నుంచి వచ్చింది? నేను చూసినంతలో అది సినిమా హాలు నుంచే వచ్చింది.

నిజానికి ఆదిమానవుడి కోసం కానరీ దీవుల దాకా పోనక్కర్లేదు. మనం పత్తి ఏరే నేల కిందే ఆయన ఉన్నాడు. నాగార్జునసాగర్ కట్టక ముందు నాగార్జునకొండ లోయలో తవ్వితే బౌద్ధం కంటే ఎంతో వెనకటి రాతియుగపు పనిముట్లు దొరికాయి. ప్రకాశం జిల్లా రెట్లపల్లె దగ్గర దొరికిన రాతి పనిముట్లు సుమారు 1,39,000 ఏళ్ళ నాటివని 2024లో పరిశోధకులు ప్రకటించారు. అదే ఏడాది అదే జిల్లాలో సుమారు 41,000 ఏళ్ళ నాటి నిప్పుకోడి గూడు, 3,500కు పైగా గుడ్డుపెంకుల ముక్కలతో, బయటపడిన వార్త వచ్చింది. మిరపతోటల పక్కన ఒకప్పుడు నిప్పుకోళ్ళు గుడ్లు పెట్టాయి! దీనికంటే మంచి సినిమా దృశ్యం ఎవరు కల్పించగలరు? ‘గుహమనిషి’ అన్న పేరు కూడా సగమే నిజం. కర్నూలు వైపు బిళ్ళసుర్గం లాంటి గుహలున్నాయి, 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అక్కడ తవ్వకాలు మొదలుపెట్టించాడు. కానీ మన వైపు రాతి పనిముట్లు ఎక్కువగా దొరికేది వాగుల గట్ల మీద, బయలు నేలలో. ఆ మనుషులు ఆకాశం కింద బతికారు. రాక్షసబల్లి కావాలన్నా దూరం పోనక్కర్లేదు. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర తవ్వితీసిన కోటసారస్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉంది, 44 అడుగుల పొడవు.

కాబట్టి ఈ సినిమాలు చూడొద్దని నేను అనను. చూడాలి. రాయి చెక్కే చెయ్యి, నిప్పును కాపాడే చెయ్యి, మాంసం పంచే చెయ్యి కనిపిస్తే అక్కడ మనల్ని మనం చూసుకోవచ్చు. అందులో చిన్నతనం లేదు. ప్రపంచంలో ప్రతివాడి ముత్తాతా ఆ చేతులతోనే బతికాడు, బంగారు జుట్టువాడి ముత్తాత కూడా. కానీ ఆ ముత్తాతను అందరూ వదిలించుకుని, వేషం మాత్రం మనకు తగిలించి, ‘ఆదిమ’ అని పేరు పెడితే ఒప్పుకోనక్కర్లేదు. ఆదిమ అంటే మొదటిది. మొదటివాడు వెనకటివాడు ఎలా అయ్యాడో పేరు పెట్టినవాళ్ళే చెప్పాలి.

ఇప్పుడు మన పిల్లల చేతుల్లో ఫోన్లున్నాయి. పొగకుండ ఎలా ఊదుతారో, ఉడుము జాడ ఎలా చదువుతారో, ఏ చెట్టు కర్ర నిప్పుకు పనికొస్తుందో తెలిసిన పెద్దవాళ్ళు ఇంకా కొద్దిమంది మిగిలి ఉన్నారు. వాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడిస్తే చాలు, ఈకలూ ఎముకల దండలూ అక్కర్లేదు. ఆ సినిమాలో మనుషులు తెలుగులో మాట్లాడతారు, ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటారు, నవ్వుతారు. రాక్షసబల్లి ఉన్నా లేకపోయినా జనం కూర్చున్నచోటు నుంచి లేవరు.