మిలిట్రీ కాక దుకాణం

యుద్ధంలో పోయిన సైనికుణ్ణి ఎట్లా తలుచుకోవాలో మనకు బాగానే తెలుసు. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో ప్రాణమిచ్చిన కల్నల్ సంతోష్‌బాబుకు సూర్యాపేటలో విగ్రహం ఉంది. అదే ఏడు నవంబరులో మాచిల్ సెక్టారులో అమరుడైన మా నిజామాబాద్ జిల్లా కోమన్‌పల్లి ర్యాడ మహేష్‌ను మా వైపు ఎవరూ మరిచిపోలేదు. ఆ గౌరవం వాళ్లకు దక్కాల్సిందే. చిక్కల్లా యుద్ధానికి పోయి, బతికి తిరిగొచ్చి, ఇంకో నలభై ఏళ్లు మన బజార్లోనే దుకాణం నడిపి, ముసలితనంతో పోయినాయనతోనే. ఆయన గురించి నాలుగు మాటలు చెప్పమంటే అందరం నీళ్లు నములుతాం.

పోయిన ఎండాకాలం రుద్రూర్‌లో మిలిట్రీ కాక పోయాడు. కుర్రాళ్లు ప్రేమగా ఫ్లెక్సీ కట్టారు. వెనక జెండా, పక్కన ఒక ట్యాంకు, పైన ‘వీర జవాను’ అని పెద్దక్షరాలు. ఆ ట్యాంకు ఏ దేశానిదో ఫ్లెక్సీ కొట్టినాయనకు కూడా తెలిసి ఉండదు. బొమ్మ పెట్టడమే అయితే ఆ ట్యాంకు కింద నుంచి రెండు కాళ్లు బయటికి కనిపించేట్టు పెట్టాల్సింది. కాక సర్వీసంతా బండ్ల కిందే గడిచింది.

ఆయన ఈఎంఈ మనిషి. ఫౌజుకు ఉన్న లారీలు, తుపాకులు, రేడియో సెట్లు, ట్యాంకులు, అన్నింటినీ బాగుచేసే విభాగం అది. మన సికింద్రాబాద్ తిరుమలగిరిలో దాని పెద్ద శిక్షణ కేంద్రం ఉంది. వేరే పటాలంలో సిపాయి అనే హోదాను అక్కడ క్రాఫ్ట్స్‌మన్ అంటారు. సైన్యమంటే తుపాకీ పట్టేవాళ్లే అనుకుంటాం గానీ, వెనక వంటాయన, వడ్రంగి, చెప్పులు కుట్టేటాయన, క్షురకుడు లేకుండా ఏ పటాలమూ అడుగు కదపలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ సంస్థానం గుర్రపు దళం పాలస్తీనా దాకా పోయింది. మైసూర్, జోధ్‌పూర్ దళాలతో పాటు దానికీ గుర్తుగా ఢిల్లీలో తీన్‌మూర్తి నిలబెట్టారు. ఆ గుర్రాలకు నాలు కొట్టిన నాల్‌బందులకు ఎక్కడా మూర్తి లేదు.

1971 యుద్ధం నాటికి కాకకు ఇంకా మీసం సరిగా రాలేదట. పడమటి సరిహద్దులో ఉన్నాడు. యుద్ధం గురించి అడిగితే ఎప్పుడూ లారీల ముచ్చటే చెప్పేవాడు. అప్పట్లో ఫౌజులో శక్తిమాన్ లారీలు. జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సు మీద మన జబల్‌పూర్‌లో తయారైనవి. రాత్రిపూట దీపం వెలిగించొద్దు, తెల్లారేసరికి బండి కదలాలి. “చీకట్ల నట్టు సైజు వేలుతోని చూసుకునుడు ఆడ్నే నేర్చిన” అనేవాడు. తర్వాత దుకాణంలో కరెంటు పోతే పనివాళ్లు చేతులు కట్టుకుని కూర్చునేవాళ్లు. కాక చేతులు మాత్రం ఆగేవి కావు. నేను చూసిన యుద్ధానుభవం అంతవరకే. సంగ్రామ్ మెడల్ ఒకటి ఉందని ఆయన పోయాకే తెలిసింది.

2022కు ముందు చేరిన జవానుకు పదిహేను, పదిహేడేళ్ల సర్వీసు నిండితే ఇంటికి పంపేస్తారు. పద్దెనిమిదేళ్లకు చేరినవాడు ముప్పై అయిదేళ్లకు మాజీ అయిపోతాడు. గవర్నమెంటు గుమాస్తా అప్పటికి సగం సర్వీసు కూడా చేసి ఉండడు. పింఛను వస్తుంది గానీ దాంతో పిల్లల చదువులు, పెళ్లిళ్లు గట్టెక్కవు. చాలామంది బ్యాంకు గేటు ముందో, ఏటీఎం ముందో తుపాకీ పట్టుకుని మళ్లీ నిలబడతారు. కాకకు ఆ నిలబడే పని ఇష్టం లేదు. ఊరొచ్చి మోటారు వైండింగ్ దుకాణం పెట్టాడు.

రుద్రూర్ ఎక్కడుందో తెలియని పాఠకులకు ఒక మాట. 2016లో జిల్లాలు చీలినప్పుడు మండలమైంది. జిల్లా నిజామాబాద్, ఓటు బాన్సువాడ నియోజకవర్గానికి, ఆ బాన్సువాడేమో కామారెడ్డి జిల్లా. పేరు మాత్రం వరి, చెరుకు పరిశోధన కేంద్రం వల్ల ఎప్పటి నుంచో రైతులకు తెలుసు. ఇక్కడి వ్యవసాయమంతా 1931లో మంజీర మీద పూర్తయిన నిజాంసాగర్ పెట్టిన బువ్వ. కట్టిన రోజుల్లో దాదాపు 29.7 టీఎంసీలు పట్టిన సాగర్ పూడిక నిండీ నిండీ 17.8కి వచ్చింది. కాలువ నీళ్లు అందని ఏడు రైతు బోరు వేశాడు. బోరులో మోటారు దించాడు. మోటారు కాలింది. కాలిన మోటారు బండి మీద పడేసుకుని కాక దుకాణానికి వచ్చాడు.

వైండింగ్ చూసినవాళ్లకు తెలుసు, అందులో అసలు పని కాలిన తీగను పీకక ముందే ఉంది. ఏ గాడిలో ఎన్ని చుట్లు, తీగ ఏ గేజి, చుట్ట ఏ గాడిలో దిగి ఏ గాడిలో తేలింది, కొసలు ఎక్కడ కలిపారు, ఇవన్నీ రాసుకున్నాకే కత్తిరించాలి. ఆత్రగాళ్లు ముందు ఉలి పెట్టి తెగ్గొట్టేస్తారు, తర్వాత అందాజ మీద చుడతారు. నాలుగు చుట్లు తక్కువ పడినా మోటారు తిరుగుతుంది. కాకపోతే ఎక్కువ కరెంటు లాగుతుంది, వేడెక్కుతుంది, పంట పొట్ట మీదున్నప్పుడు మళ్లీ కాలుతుంది. అప్పుడు రైతు కరెంటోళ్లను తిడతాడు, మెకానిక్ ఇంకోసారి డబ్బులు తీసుకుంటాడు. ఈ రంగంలో మోసానికి ఇంతకంటే నున్నటి దారి లేదు. ఒక గేజి సన్నం తీగ వేసినా, రాగి బదులు అల్యూమినియం చుట్టినా పైకి కనిపించదు.

కాక దుకాణంలో తరాజు రైతు కూర్చునే వైపే ఉండేది. పీకిన పాత రాగిని రైతు కళ్ల ముందే తూచి, కొత్త రాగి ధరలో ఆ విలువ కొట్టేసి లెక్క చెప్పేవాడు. పాత రాగి మెకానిక్‌కు పోవడం ఆనవాయితీ అయిన చోట ఇది సాటివాళ్లకు కంటగింపే. పైపెచ్చు ఆయనకు నోరు మంచిది కాదు. చుట్లు లెక్క పెట్టకుండా కత్తెర పట్టిన శాగిర్దును ఉర్దూలో, పంజాబీలో, ఆఖరికి మన భాషలో తిట్టేవాడు. నెల తిరక్కుండా పారిపోయినవాళ్లు చాలామంది. మిగిలినవాళ్లు ఇప్పుడు వర్ని, కోటగిరి, బోధన్ వైపు సొంత దుకాణాలు నడుపుతున్నారు.

ఆ దుకాణంలో నాకు అన్నింటికంటే నచ్చింది ఒక రిజిస్టరు. ఫౌజులో ప్రతి బండికీ ఒక లాగ్ బుక్ ఉంటుందట. ఎప్పుడు తిరిగింది, ఏం చెడింది, ఎవరు బాగుచేశారు, అన్నీ రాయాల్సిందే. కాక ఆ అలవాటును ఊళ్లోకి తెచ్చాడు. మోటారు ఎన్ని హార్స్‌పవర్లు, చుట్లు, గేజి, తేదీ, వీటి పక్కన ఇంకో గడి గీశాడు: ‘ఎందుకు కాలింది’. ఆ గడి నింపకుండా మోటారు బయటికి పోనిచ్చేవాడు కాదు. పనివాళ్లకు అది చాదస్తం. రైతులకు విసుగు. ఎందుకు కాలితే ఏంది, చుట్టియ్యి పోతా అనేవాళ్లు. నా మటుకు నాకు ఆ గడి మా ప్రాంత వ్యవసాయం మీద ఎవరూ అచ్చెయ్యని పుస్తకం. నీళ్లు లేక గాలికి తిరిగింది. ఇసుక పట్టింది. ఓల్టేజీ లేదు. ఒక ఫేజు పోయింది.

ఈ ఆఖరిది పేజీల నిండా ఉంటుంది. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా, తిరుగుతున్న మోటారు ఆగిపోదు. మిగిలిన రెండింటి నుంచే బరువంతా లాగుతూ గుర్రుగుర్రుమంటూ తిరిగి, తీగ మీది పూత మాడ్చుకుంటుంది. కరెంటు వంతులవారీగా అర్ధరాత్రి వచ్చే రోజుల్లో రైతులు ఆటో స్టార్టర్లు బిగించుకున్నారు. బిగించుకోక ఏం చేస్తారు? చీకట్లో గట్టు మీద పాముకో, తడి చేతి షాకుకో బలి కావడం కంటే అదే నయం. కానీ కరెంటు రావడంతోనే చుట్టుపక్కల మోటార్లన్నీ ఒక్క ఊపున మొదలయ్యేవి. ఓల్టేజీ పడిపోయేది, ట్రాన్స్‌ఫార్మరు మీద భారం పడేది. ఫేజు పోతే ఆపేసే ప్రివెంటరు పెట్టుకోమని కాక పోరేవాడు. తనకొచ్చే బేరం తనే చెడగొట్టుకుంటున్నాడని పక్క దుకాణాలవాళ్లు నవ్వేవాళ్లు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యాక ఆటో స్టార్టర్లు తీసేయమని సర్కారే ఊరూరా చెప్పింది. ఆ మాట కాక రిజిస్టరు అంతకు చాలా ఏళ్ల ముందు నుంచే చెబుతోంది.

ఇంటి సంగతి కూడా చెప్పాలి. ఆయన లేని ఆ పదిహేడేళ్లూ ఎకరంన్నర భూమిని, అత్తమామల్ని, ముగ్గురు పిల్లల్ని ఆయన భార్య, మా కాకి, ఒక్కతే చూసుకుంది. ఏడాదికి అరవై రోజుల సెలవు. కాక దసరాకు వచ్చేవాడు కాదు, నాట్లకు వచ్చేవాడు. జమ్మి ఎవరైనా పెడతారు, మడి దున్నేవాళ్లు దొరకరు అని ఆయన లెక్క. తిరిగొచ్చాక ఆ బాకీ తీర్చుకుంటున్నట్టే ఉండేవాడు. పొద్దున్నే చాయ్ ఆయనే కాచేవాడు. ఊళ్లో మగవాళ్లు దీన్ని కూడా ఫౌజు అలవాట్ల ఖాతాలో వేసి ఊరుకున్నారు. మందు కోటా సంగతి చెప్పకపోతే ముచ్చట పూర్తి కాదు. మాజీ సైనికుడంటే ఊళ్లో సగం మందికి క్యాంటీన్ రమ్ము. కాక దగ్గర ఆ పప్పులు ఉడకలేదు. దాంతో ఆయన దేశభక్తి మీద కొందరికి అనుమానం కూడా వచ్చింది.

పెద్దబిడ్డకు వైండింగ్ నేర్పాడు. ఆడపిల్ల వేళ్లు సన్నగా ఉంటాయి, తీగ గాడిలో నలగకుండా దిగుతుందని. ఆమె చుట్టిన మోటార్లు రిజిస్టరులో రెండోసారి కనిపించవని కాక గొప్పగా చెప్పేవాడు. ఆమెను బోధన్ ఇచ్చారు. అక్కడ షక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీకి 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించాక, దాని జీతం మీద నడిచిన ఆ ఇంటిని నిలబెట్టింది ఈ వేళ్లే. కొడుకు మాత్రం దుబాయి పోయాడు. ఏసీ మెకానిక్. మా జిల్లాలో ఇది వింత కాదు. కాకతో మాత్రం ఆ మాట అనే వీలు ఉండేది కాదు. రేట్లు పెంచి, పాత రాగి మిగుల్చుకుని ఉంటే కొడుకు ఇక్కడే ఉండేవాడని బంధువుల వాదన. వాళ్లది పూర్తిగా తప్పని నేను అనలేను. నిజాయితీ ఖర్చు ఇంటిల్లిపాదీ కడతారు, పేరు ఒక్కడికే వస్తుంది. తను ఒకప్పుడు మనియార్డరు పంపిన ఇంటికి ఇప్పుడు కొడుకు పంపే డబ్బులు వస్తుంటే, కాక వాటిని తీసి మనవరాలి పేర బ్యాంకులో వేసేవాడు. ముట్టుకునేవాడు కాదు.

ఫౌజు వాళ్లందరికీ ఉండే నల్ల ఇనుప పెట్టె కాకకూ ఉండేది, దాని మీద తెల్ల రంగుతో నంబరు. ఆయన పోయాక తెరిస్తే అందులో బట్టలేమీ లేవు. డిశ్చార్జి బుక్, పింఛను ఆర్డరు, బ్యాంకు జాయింటు ఖాతా కాగితాలు, ఇద్దరి ఫొటోలు, ఒక్కోటీ ఒక్కో కవరులో, పైన ఏ ఆఫీసుకు ఏది ఇవ్వాలో తెలుగులో రాసి ఉంది. కాకి పేరు ఫౌజు రికార్డుల్లో ఒకటి, ఆధార్‌లో ఒకటి ఉండేది. ఎందరో వితంతువులకు కుటుంబ పింఛను ఆగేది ఇక్కడే. ఆయన బతికుండగానే నిజామాబాద్ సైనిక సంక్షేమ కార్యాలయం చుట్టూ, సికింద్రాబాద్ ఈఎంఈ రికార్డ్స్ చుట్టూ తిరిగి దాన్ని సరిచేయించాడు. ఎందుకు కాలుతుందో ముందే రాసిపెట్టుకునే మనిషి మరి. కుటుంబ పింఛనంటే మామూలుగా చివరి జీతంలో 30 శాతం. పెద్ద మొత్తమేమీ కాదు, కానీ కాకి ఎవరి ముందూ చేయి చాచకుండా అందింది. మాజీ సైనికులున్న ఇళ్లవాళ్లు ఈ వారం ఒకసారి ఆ పెట్టె తెరిచి పేర్లు సరిచూసుకోండి.

నవంబరు వచ్చింది. బతికే ఉన్నట్టు కాకి మొదటిసారి సర్టిఫికెట్ ఇవ్వాలి. ఏళ్ల తరబడి నాట్లు వేసిన వేళ్లు కదా, యంత్రానికి ముద్ర పడలేదు. ఫోన్లో మొహం చూపించినా చాలని మనవరాలు యాప్ తెరిచి, రెప్ప కొట్టు నానమ్మా అంది. కాకి కొట్టింది. వెలుతురు చాలలేదంది ఫోను. వాకిట్లోకి వచ్చి మళ్లీ కొట్టింది. మళ్లీ కొట్టమంది. “ఇంగెన్నిసార్లు చెప్పాలే బతికే ఉన్ననని? మీ తాతకు గూడ ఇన్నిసార్లు చెప్పలే” అని ఫోను మీదికి లేచింది. ఆ లేచినప్పుడు రెప్ప కొట్టిందేమో, సర్టిఫికెట్ వచ్చేసింది.