గొంగడి: ముతక ఉన్ని బలం

గొంగడి దక్కనీ గొర్రె ముతక ఉన్నితో నేసే దళసరి కంబళి. తెలంగాణలో కురుమలు తరతరాలుగా కాపాడుకొస్తున్న గొప్ప నేర్పు ఇది. ఏడాదికి రెండుసార్లు కత్తిరించే నల్ల ఉన్నిని ఏకి, ఆడవాళ్లు దారంగా వడుకుతారు. ఆ దారం నిండా నూగే; మగ్గం మీద పోగుకు పోగు చిక్కుకుంటుంది. అందుకే చింతగింజల పిండితో కాచిన గంజిని కుంచెతో పడుగు పొడవునా పట్టించి ఆరబెడతారు. నూగు అణుగుతుంది, పోగు బిగుస్తుంది, బట్టకు బిరుసుతనం వస్తుంది. కొత్త గొంగడి అట్టలా ఉంటుంది. వాడేకొద్దీ ఒంటికి మెత్తబడుతుంది. వానలో, చలిలో మందకాపరికి అదే గొడుగు, అదే పరుపు, అదే దుప్పటి. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు అని సామెత. గొంగడి బలమంతా ఆ వెంట్రుకల్లోనే ఉంది.