పెడతల మీద ఒకే గీత

జుట్టు నాటించుకున్నవాడు అద్దంలో నుదురు చూసుకుని మురుస్తాడు. ఆపరేషన్ చేసిన చేతి పనితనం తెలియాలంటే మాత్రం పెడతల చూడాలి. రెండోసారో మూడోసారో చేయించుకున్న తలైతే మరీ ముఖ్యం. ముందువైపు మొలిచే జుట్టు సగం తన గుణం కొద్దీ మొలుస్తుంది. వెనక నుంచి తెచ్చిన కుదురు ఎక్కడ నాటినా తన పాత స్వభావంతోనే బతుకుతుందని న్యూయార్క్ డాక్టర్ నార్మన్ ఒరెంట్రైక్ 1959లోనే ప్రకటించాడు. కుదుళ్లు తీసిన చోట మిగిలే మచ్చ మంచిచెడ్డల్లో మాత్రం ఎక్కువ పాలు కోసి కుట్టిన చేతిదే.

గోండ్‌పిప్రి లాంటి మహారాష్ట్ర సరిహద్దు ఊళ్లో ఆ మచ్చను పరీక్షించేది కటింగ్ షాపులో మిషన్ పట్టినవాడు. ఇటు వార్ధా నది, అటు వైన్‌గంగ, మరాఠీ తెలుగూ కలిసిపోయిన మాట. ఇలాంటి ఆపరేషన్ నాగపూర్‌లో చేయించుకున్నా హైదరాబాద్‌లో చేయించుకున్నా, నెల తిరిగేసరికి తల వంచాల్సింది ఊరి మంగలి ముందే. నాలుగో నంబరు దువ్వెన పెడితే సుమారు 13 మిల్లీమీటర్ల జుట్టు ఉంటుంది, రెండో నంబరుకు 6. బాగా అతికిన మచ్చ గీత నాలుగో నంబరుకు అసలు కనపడదు, ఒక్కోసారి మూడో నంబరుకు కూడా. చెడిపోయిన గీతకు ఏ నంబరూ చాలదు.

మొదటి తరం డాక్టర్లు 4 మిల్లీమీటర్ల గొట్టంతో గుండ్రంగా ముక్కలు తీసేవారు. పెడతలంతా తెల్లటి బిళ్లలు మిగిలేవి. తర్వాత చర్మాన్ని ఒక పట్టీలా కోసి, దాన్ని సూక్ష్మదర్శిని కింద కుదుళ్లుగా విడదీసే పద్ధతి వచ్చింది. టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో బాబీ లిమ్మర్ 1988 నుంచి చేసిన పని ఇది. చెవి దగ్గర నుంచి చెవి దాకా ఒకే గీత మిగులుతుంది. రెండోసారి వచ్చిన మనిషికి పాత గీతకు పైనో కిందో ఇంకో పట్టీ కోయడం సులువు. అలా కోసిన తలలు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. నేర్పరి పాత మచ్చను కొత్త పట్టీ మధ్యలో పెట్టి, మొత్తం ఎత్తి తీసేస్తాడు. ఎన్నిసార్లు కోసినా గీత ఒక్కటే ఉంటుంది.

దీనికి ఓ ఖరీదుంది. పట్టీలో కొంత భాగం జుట్టు లేని మచ్చే కాబట్టి దొరికే కుదుళ్లు తగ్గుతాయి. పైగా ఒకసారి కుట్టిన చర్మం వదులు కోల్పోయి ఉంటుంది. అందుకే మంచి డాక్టర్ కత్తి పట్టే ముందు రెండు చేతులతో పెడతల చర్మాన్ని పైకీ కిందికీ జరిపి చూస్తాడు. ఎంత జరిగితే అంత వెడల్పే కోస్తాడు, అదీ కాస్త తగ్గించి. పుర్రె వెనక తగిలే ఎముక బొడిపె మట్టం దాటి కిందికి దిగడు. అక్కడ కోస్తే, తల వంచిన ప్రతిసారీ మెడ కండరాలు లాగి మచ్చ వెడల్పవుతుంది. అతికిన చర్మానికి పాత బలం పూర్తిగా ఎన్నటికీ రాదు, ఎనభై శాతం వస్తే గొప్ప. ఆ కాస్త రావడానికీ నెలలు పడుతుంది. తొందరపెట్టే మనిషిని ఏడాది ఆగమని పంపడం కూడా పనితనంలో భాగమే.

నాకు అన్నిటికన్నా అబ్బురమనిపించేది కుట్టే తీరు. దీని పేరు ట్రైకోఫైటిక్. పారిస్‌లో పాట్రిక్ ఫ్రెషే, ఆస్ట్రేలియాలో మారియో మార్జోలా, అమెరికాలో పాల్ రోజ్ 2000ల నడుమ దీన్ని పెడతల గాయానికి వాడి చూపించారు. గాయం రెండు అంచుల్లో ఒకదాని పైపొరను సుమారు ఒక మిల్లీమీటరు వెడల్పున, కుదుళ్ల ప్రాణం ఉన్న లోతుకు తగలకుండా చెక్కేస్తారు. రెండో అంచును దాని మీదికి తెచ్చి కుడతారు. కింద కప్పబడిన వెంట్రుకలు కొన్ని నెలలకు మచ్చను చీల్చుకుని పైకొస్తాయి. పట్టుచీరకు రఫ్ఫు చేసేవాడు ఆ చీర అంచులోంచే పోగు లాగి చిరుగులో అల్లినట్టు, ఇక్కడ గాయం తన పక్క వెంట్రుకలతోనే పూడుతుంది. బరువంతా లోపలి కుట్లు మోయాలి. పైకుట్టు అంచులను ఊరికే తాకించి ఉంచాలి. పైకుట్టుతో బిగించి లాగారంటే పక్కనున్న కుదుళ్లకు రక్తం అందక రాలిపోతాయి. రెండో ఆపరేషన్‌లో ఇంకో చిక్కుంది. పాత మచ్చ పూర్తిగా పోకపోతే ఆ అంచులో వెంట్రుకలే ఉండవు, చెక్కినా ఏమీ మొలవదు.

కుట్టే లేని ఎఫ్‌యూఈ పద్ధతిలో మచ్చ ఉండదని ప్రకటనలు చెబుతాయి. అది అబద్ధం. మిల్లీమీటరు లోపు గొట్టంతో ఒక్కో కుదురూ తీసినచోట ఒక్కో చుక్క మిగులుతుంది. మొదటిసారికి కళ్లకు ఆనదు. రెండోసారి, మూడోసారి అవే చోట్ల తవ్వితే పెడతల చిమ్మెటలు కొరికిన కంబళిలా అవుతుంది. పాత చుక్కల కింద గట్టిపడ్డ కండ పక్క కుదుళ్లను వంచేసి ఉంటుంది. పైన కనపడే వెంట్రుక వాలును నమ్మి గొట్టం దించితే కుదురు మధ్యకు తెగిపోతుంది. అనుభవమున్న చెయ్యి అక్కడ నిదానిస్తుంది, నాలుగైదు తీసి చూసుకుని వాలు మారుస్తుంది. ఏది తీయకుండా వదిలాడో చూస్తే డాక్టర్ ఎంతటివాడో తెలుస్తుంది.

ఈ పనిని టెక్నీషియన్లకు వదిలేసే దుకాణాలను తలచుకుంటే కడుపు మండుతుంది. ఇది తగిన శిక్షణ పొందిన డాక్టర్ చేయాల్సిన పని అని జాతీయ వైద్య కమిషన్ 2022లో స్పష్టంగా చెప్పింది. కత్తి పట్టేది ఎవరని అడిగే హక్కు డబ్బు కట్టే ప్రతి మనిషికీ ఉంది.

పెడతలలో నిల్వ తరిగిపోయి, చర్మం కదలనంటే, నిజాయితీ ఉన్న డాక్టర్ మూడో పట్టీ కోయడు. గడ్డం కింది నుంచి కొన్ని వందల కుదుళ్లు తీసి పాత మచ్చలోనే నాటుతాడు. మచ్చలో రక్తం పలుచన కాబట్టి ఒత్తుగా నాటడు. సగం ఇప్పుడు నాటి, అవి పట్టాయో లేదో నెలల తరబడి చూసి, తక్కినవి ఇంకో విడతలో నాటుతాడు.